34 పొడవు, 6 పొట్టి వస్తే అది 3:1 ఎలా అవుతుంది?

తీగబఠాణీ
ఒక మోడల్ పేపర్లో ప్రశ్న ఇది. రెండు పొడవు బఠాణీ మొక్కల్ని క్రాస్ చేస్తే 40 మొక్కలు వచ్చాయి, 34 పొడవు, 6 పొట్టి. తల్లిదండ్రుల జన్యురూపం ఏమిటి? జవాబుల కీలో "రెండూ విషమయుగ్మజాలు" (ఒక లక్షణానికి రెండు వేర్వేరు అల్లీల్స్, అంటే జన్యువు రూపాలు, ఉన్నవి) అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అలాంటి రెంటిని క్రాస్ చేస్తే 3:1 రావాలని మెండల్ లెక్క. పిల్లలేమో 34ని 6తో భాగించి 5.67 అంటున్నారు. "3:1 రాలేదు కాబట్టి ఇది మెండల్ సూత్రానికి లోబడదు" అని రాసినవాళ్ళే ఎక్కువ. మార్కులు కొయ్యాలా, వెయ్యాలా? కోస్తే ఏం చెప్పి కొయ్యాలి? అదే పేపర్లో వంశవృక్షం ప్రశ్న ఒకటి, గుర్తింపు కీ ఒకటి కూడా తగువు పెడుతున్నాయి. ముందు దీని సంగతి తేలనివ్వండి, తర్వాత వాటికి వస్తాను.

క్రోమో46
కోసెయ్యండి. పొట్టి మొక్క ఒక్కటి కనబడినా జవాబు తేలిపోయినట్టే. పొట్టిగా పుట్టాలంటే పొట్టి అల్లీల్ రెండు ఉండాలి, చెరొకరి దగ్గర్నుంచి ఒకటి. తల్లీ తండ్రీ ఇద్దరూ పొడవే కాబట్టి ఇద్దరిలోనూ పొడవు అల్లీల్ కూడా ఉంది. ఇద్దరూ విషమయుగ్మజాలే. రేషియోతో పనే లేదు, 40లో 1 వచ్చినా ఇదే జవాబు.

లెక్కలపిచ్చి
రేషియోతో పని లేదన్నది దూకుడు మాట. బఠాణీలో పొడవు బహిర్గతమని (ఒక్క అల్లీల్ ఉన్నా పైకి కనిపిస్తుందని) ముందే తెలుసు కాబట్టి పని పడలేదు. పిల్లలకి తెలియని మొక్క, తెలియని లక్షణం ఇచ్చి చూడండి, అప్పుడు లెక్కే దిక్కు.

కై-స్క్వేర్ (వచ్చిన అంకెలకీ ఆశించిన అంకెలకీ ఉన్న తేడా యాదృచ్ఛికమేనా అని చూసే పరీక్ష) వేద్దాం. 40లో 3:1 అంటే ఆశించేవి 30, 10. వచ్చినవి 34, 6. రెండు చోట్లా తేడా 4, దాని వర్గం 16. 16ని 30తో భాగిస్తే 0.53, 10తో భాగిస్తే 1.6, మొత్తం 2.13. రెండే తరగతులు కాబట్టి స్వేచ్ఛా పరిమాణం 1. 5% స్థాయిలో దాని హద్దు 3.84. మనది అంతకన్నా తక్కువ కాబట్టి 3:1ని కాదనడానికి ఆధారం లేదు. అదే 1:1 అనుకుంటే ఆశించేవి 20, 20. తేడా 14, వర్గం 196, ఒక్కో దానికి 9.8 చొప్పున 19.6. అది నిలవదు.

ఒక గోతి ఉంది, చూసుకోండి. కొందరు ముందు శాతాల్లోకి మార్చి 85, 15 అని పెట్టుకుంటారు. ఆశించేవి 75, 25 అవుతాయి. 100ని 75తో భాగిస్తే 1.33, 25తో భాగిస్తే 4, మొత్తం 5.33. హద్దు దాటేసింది! ఉన్నవి 40 మొక్కలైతే 100 ఉన్నట్టు లెక్క కట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. కై-స్క్వేర్‌లో ఎప్పుడూ లెక్కపెట్టిన సంఖ్యలే వెయ్యాలి. ఏ తరగతిలోనైనా ఆశించే సంఖ్య 5 కన్నా తక్కువైతే ఈ పరీక్షని నమ్మకూడదు.

నిశాచరి
ఇంత లెక్క పిల్లలకి వద్దనుకుంటే అడ్డదారి ఉంది. 40ని 1/4తో, 3/4తో గుణిస్తే 7.5, దాని వర్గమూలం 2.7. దానికి రెట్టింపు అటూ ఇటూ, అంటే పొట్టివి 5 నుంచి 15 దాకా ఎన్నొచ్చినా 3:1తో పేచీ లేదు. బోర్డు మీద రెండు నిమిషాల పని.

సూక్ష్మదర్శిని
మెండల్ సొంత లెక్కలు చూపిస్తే ఇంకా తేలిక. ఎఫ్2లో (మొదటి సంకరం ఎఫ్1, దాని సంతతి ఎఫ్2) పొడవు 787, పొట్టి 277. అది 2.84:1. గింజ ఆకారంలో గుండ్రనివి 5474, ముడతలవి 1850, అంటే 2.96:1. గింజ రంగులో పసుపు 6022, ఆకుపచ్చ 2001, 3.01:1. సంఖ్య పెరిగేకొద్దీ 3కి దగ్గర పడుతోంది. ఇవి మొత్తాలు మాత్రమే. విడివిడి మొక్కల గింజలు ఎలా ఉన్నాయో కూడా 1866 వ్యాసంలో ఆయనే రాశాడు. ఒక మొక్కకి 43 గుండ్రనివి, 2 మాత్రమే ముడతలవి. ఇంకో మొక్కకి 14, 15. రంగులోనూ ఒకచోట 32 పసుపు, 1 ఆకుపచ్చ, మరోచోట 20, 19. మీ 34:6 వీటి ముందు ఎంత బుద్ధిగా ఉందో చూడండి.

పుట్టగొడుగు
ఆయన ఏడువేల పైచిలుకు గింజలు ఏరాడు. మనవాళ్ళు 40కే సూత్రం రద్దు చేసేస్తున్నారు.

విత్తనం
పొడవుకి 1064 మొక్కలే ఉంటే గింజలకి వేలల్లో లెక్కలెలా వచ్చాయి? అన్నీ ఒకే ఎఫ్2 కదా?

సూక్ష్మదర్శిని
తరం ఒకటే, చూసే చోటు వేరు. గింజ ఆకారం, రంగు బీజదళాల లక్షణాలు. బీజదళం అంటే పిండం భాగం, అంటే తర్వాతి తరం. ఎఫ్1 మొక్కకి కాసిన కాయ వలిస్తే లోపల ఉన్న ఒక్కో గింజా ఒక్కో ఎఫ్2 జీవి. ఒకే కాయలో గుండ్రనిదీ ముడతలదీ పక్కపక్కన కూర్చుని ఉంటాయి. వాటిని నాటక్కర్లేదు, లెక్కపెట్టేస్తే చాలు. పొడవు తెలియాలంటే మాత్రం అదే గింజని నాటి పెంచాలి, అందుకే అంకె చిన్నది.

బీజకవచం రంగు దగ్గర జాగ్రత్త. కవచం తల్లి మొక్క కణజాలం, దాన్నిబట్టి ఆ గింజ లోపలి పిండం జన్యురూపం చెప్పలేం. ఎఫ్1 మొక్క మీద కాసిన గింజలన్నిటికీ కవచం ఒకే రంగులో ఉంటుంది. 3:1 చూడాలంటే ఆ గింజల్ని నాటి, ఆ మొక్కలకి కాసిన గింజల కవచాలు చూడాలి. ఒక తరం ఆలస్యం. కాయ రంగు, కాయ ఆకారం సంగతీ అంతే. పిల్లల బొమ్మల్లో ఎఫ్1 కాయలే 3:1లో వేలాడుతుంటాయి, అవి తప్పు.

ఈగలగది
మూల ప్రశ్నని కాస్త తిప్పి అడిగితే ఇంకా బాగుంటుంది. ఒక పొడవు మొక్క ఉంది. సమయుగ్మజమా (రెండు అల్లీల్స్ ఒకటేనా), విషమయుగ్మజమా తేలాలంటే ఎన్ని సంతతి మొక్కలు చూడాలి? పొట్టి మొక్కతో పరీక్షా సంకరణం చేస్తే, అది విషమయుగ్మజమైన పక్షంలో ఒక్కో మొక్క పొడవుగా వచ్చే అవకాశం సగం. 7 మొక్కలు వరసగా పొడవే రావడానికి 128లో 1, అంటే 1% కన్నా తక్కువ. కాబట్టి 7 చాలు. అదే స్వపరాగ సంపర్కం చేస్తే ఒక్కో మొక్క పొడవయ్యే అవకాశం 3/4, ఆ 1% లోపలికి రావాలంటే 17 మొక్కలు కావాలి. పరీక్షా సంకరణం ఎందుకు కనిపెట్టారని అడిగితే ఈ 7, 17 అంకెలు చూపిస్తే సరిపోతుంది.

మెండల్ స్వపరాగ సంపర్కమే వాడాడు. పొడవు ఎఫ్2 మొక్కలు 100 తీసుకుని, ఒక్కో దాని నుంచి 10 గింజలు నాటాడు. 28 మొక్కలకి అన్నీ పొడవే, 72కి కలగలుపు. ఇదే ఆయన 1:2కి ఆధారం. కానీ 10 గింజలే అయితే విషమయుగ్మజం కూడా దొరక్కుండా జారిపోయే అవకాశం 3/4ని పదిసార్లు గుణించినంత, అంటే 5.6%. ఆ లెక్కన ఆశించాల్సింది 67:33 కాదు, దాదాపు 63:37. ఈ కిటుకు 1936లో రొనాల్డ్ ఫిషర్ పట్టాడు. మెండల్ అంకెలు ఉండాల్సిన దానికన్నా మరీ చక్కగా ఉన్నాయన్న వాదన అక్కణ్ణుంచే రాజుకుంది, ఇంకా ఆరలేదు.

క్రోమో46
పిల్లలకి ఇదంతా దండగ. సంయోగబీజాలు (అండం, పురుషబీజం) రాయడమే సరిగ్గా రాదు వాళ్ళకి. ద్విసంకర సంకరణంలో (రెండు లక్షణాలు ఒకేసారి చూసే క్రాస్‌లో) సంయోగబీజం గడిలో ఒకే లక్షణం అల్లీల్స్ రెండూ రాసి, రెండోదాన్ని గాలికి వదిలేస్తారు. ముందు అది దిద్దాలి.

ఈగలగది
దిద్దడానికి ఒక్క నియమం చాలు. సంయోగబీజంలో ప్రతి లక్షణానికీ ఒక్క అల్లీలే ఉండాలి, ఏ లక్షణమూ తప్పిపోకూడదు. పన్నెట్ స్క్వేర్ (సంయోగబీజాల కలయికలు చూపే గళ్ళ పటం) గీసే ముందు రకాల సంఖ్య సరిచూడాలి. విషమయుగ్మజ జతలు ఎన్ని ఉంటే 2ని అన్నిసార్లు గుణించినన్ని రకాలు. రెండుంటే 4, మూడుంటే 8. రెండు దాటితే స్క్వేర్ అవతల పడేసి విడివిడి సంభావ్యతల్ని గుణించుకోవాలి, 64 గళ్ళు నింపేలోపు గంట కొట్టేస్తారు.

ఇదంతా జన్యువులు వేరే క్రోమోజోముల మీదో, ఒకే దాని మీద బాగా దూరంగానో ఉన్నప్పటి మాట. పండ్ల ఈగలో నల్ల శరీరం, కురచ రెక్కల జన్యువులు ఒకే క్రోమోజోము మీద ఉంటాయి. విషమయుగ్మజ ఆడ ఈగని పరీక్షా సంకరణం చేస్తే 1:1:1:1 రాదు, కొత్త కలయికలు దాదాపు 17% మాత్రమే. అదే విషమయుగ్మజం మగ ఈగ అయితే కొత్త కలయికలు సున్నా. మగ ఈగల్లో వినిమయం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరగదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళు మగ ఈగకి 17% ఇచ్చేస్తుంటారు, అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

విత్తనం
నాదొక సందేహం. బహిర్గత లక్షణమే 3/4 మందిలో కనిపిస్తుంది కదా, మరి తరాలు గడిచేకొద్దీ అంతర్గత లక్షణం (రెండు అల్లీల్స్ ఉంటేనే కనిపించేది) మాయమైపోవాలి కదా?

నిశాచరి
ఆ 3/4 రెండు విషమయుగ్మజాల్ని క్రాస్ చేసినప్పటి మాట, జనాభా మాట కాదు. రక్తవర్గం ఓ అంతర్గతం, అయినా లోకంలో అత్యధికులది అదే. చేతికి ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తుంది, అయినా అరుదు. ఎంపిక, వలస, ఉత్పరివర్తన లేకుండా, పెద్ద జనాభాలో యాదృచ్ఛికంగా జతకడితే అల్లీల్ నిష్పత్తి తరతరానికీ అలాగే ఉంటుంది. 1908లో హార్డీ, వైన్‌బర్గ్ ఎవరికి వారు చూపించింది ఇదే.

సూక్ష్మదర్శిని
దీనికి జోడించాలి. బహిర్గతత్వం అల్లీల్‌కి పుట్టుకతో వచ్చిన బలమేం కాదు, ఎక్కణ్ణుంచి చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. ముడతల గింజనే తీసుకోండి. పిండిపదార్థంలో శాఖలు కట్టే ఎంజైము ఒకటుంది. దాని జన్యువులో దాదాపు 800 క్షారజతల తునక ఒకటి వచ్చి ఇరుక్కుంది, ఎంజైము పని ఆగింది. ఈ సంగతి 1990లో తేలింది. పిండిపదార్థం సరిగ్గా తయారుకాక గింజలో చక్కెర మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువైతే ద్రవాభిసరణతో నీళ్ళు ఎక్కువ చేరతాయి, పచ్చిగా ఉన్నప్పుడు గింజ బాగా ఉబ్బుతుంది. ఎండేటప్పుడు ఆ నీళ్ళన్నీ పోయి తొక్క ముడుచుకుంటుంది.

విషమయుగ్మజంలో పనిచేసే కాపీ ఒకటుంది, గుండ్రంగా ఉండడానికి అది సరిపోతుంది. కాబట్టి కంటికి పూర్తి బహిర్గతత్వం. అదే గింజని కోసి, ఒక్క చుక్క అయోడిన్ వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. సమయుగ్మజ గుండ్రని గింజలో పిండి రేణువులు పెద్దగా, నున్నగా ఉంటాయి. ముడతల గింజలో రేణువులు చీలికలతో ముక్కలైనట్టు ఉంటాయి. విషమయుగ్మజంలో రెంటికీ మధ్యస్థంగా కనిపిస్తాయి. అదే గింజ, అదే జన్యువు, అసంపూర్ణ బహిర్గతత్వం! ఎంజైము పరిమాణం కొలిస్తే అక్కడా మధ్యస్థమే.

పుట్టగొడుగు
పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు సార్ 😄

సూక్ష్మదర్శిని
"గింజ ఆకారం దృష్ట్యా" అని ముందు రెండు ముక్కలు తగిలిస్తే ఎవరూ సున్నా వెయ్యలేరు.

తీగబఠాణీ
బాగుంది. ఇప్పుడు రెండోది. వంశవృక్షంలో తల్లిదండ్రులిద్దరికీ జబ్బు లేదు, కూతురికి ఉంది, కొడుక్కి లేదు. (1) ఏ రకం ఆనువంశికత? (2) కొడుకు వాహకుడయ్యే (జబ్బు లేకపోయినా జబ్బు అల్లీల్ ఒకటి మోసే) అవకాశం ఎంత? కీలో "అలైంగిక క్రోమోజోము మీది అంతర్గతం, 2/3" అని ఉంది. పిల్లల్లో సగం మంది 1/2 అంటున్నారు, కొందరు ఎక్స్ సహలగ్నం (ఎక్స్ క్రోమోజోము మీద ఉండేది) అంటున్నారు.

క్రోమో46
కీ కరెక్టు. జబ్బు లేని ఇద్దరికి జబ్బు ఉన్న బిడ్డ పుడితే అంతర్గతం. ఆ బిడ్డ కూతురు, తండ్రికి జబ్బు లేదు, కాబట్టి ఎక్స్ సహలగ్న అంతర్గతం కుదరదు. ఎందుకంటే కూతురి రెండు ఎక్స్‌లలో ఒకటి తండ్రిదే, ఆయనకున్న ఒక్క ఎక్స్‌లోనూ జబ్బు అల్లీల్ ఉంటే ఆయనకీ జబ్బు ఉండాల్సిందే. కొడుక్కే జబ్బు ఉండి ఉంటే రెంటిలో ఏదో చెప్పలేకపోయేవాళ్ళం. ప్రశ్నలో కూతుర్ని పెట్టింది అందుకే.

అద్దంలా దీనికి ఎదురుది కూడా చెప్పండి. జబ్బు ఉన్న ఇద్దరికి జబ్బు లేని బిడ్డ పుడితే బహిర్గతం. ఆ బిడ్డ కూతురైతే ఎక్స్ సహలగ్న బహిర్గతం కొట్టేయొచ్చు.

లెక్కలపిచ్చి
2/3 సంగతి. తల్లిదండ్రులు వాహకులు, కాబట్టి నాలుగు గళ్ళు. ఒకటి పూర్తిగా ఆరోగ్యం, రెండు వాహకులు, ఒకటి జబ్బు. కొడుక్కి జబ్బు లేదని తెలుసు కాబట్టి జబ్బు గడిని కొట్టెయ్యాలి. మిగిలినవి మూడు, అందులో రెండు వాహకాలు. 1/2 అన్నవాళ్ళు ఆ గడిని కొట్టెయ్యలేదు. ఇంకా పుట్టని బిడ్డ గురించి అడిగితే 1/2 సరైనదే, ఎందుకంటే ఆ బిడ్డ గురించి మనకేమీ తెలియదు. తెలిసిన సమాచారాన్నిబట్టి హారం మారుతుంది, అదొక్కటే తేడా.

ఇప్పుడు పొడిగించండి. ఆ కొడుకు ఒక వాహకురాలిని పెళ్ళిచేసుకుంటే మొదటి బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 2/3 ఇంటూ 1/4, అంటే 1/6. ఆమె వాహకురాలని తెలియదు, ఆమె తోబుట్టువుకి ఇదే జబ్బు ఉంది, తల్లిదండ్రులకూ ఆమెకూ లేదు అంటే 2/3 ఇంటూ 2/3 ఇంటూ 1/4, అది 1/9.

ముదుర్ల కోసం ఇంకొకటి. ఆమె వాహకురాలని ఖాయం, ముగ్గురు పిల్లలు పుట్టారు, ముగ్గురూ ఆరోగ్యం. ఇప్పుడు ఆ కొడుకు వాహకుడయ్యే అవకాశం ఎంత?

నిశాచరి
వాహకుడైతే ముగ్గురూ ఆరోగ్యంగా పుట్టే అవకాశం 27/64, దాన్ని 2/3తో గుణిస్తే 27/96. కాకపోతే 1, దాన్ని 1/3తో గుణిస్తే 32/96. కాబట్టి 27/59, దాదాపు 46%. 67 నుంచి 46కి దిగింది.

పుట్టగొడుగు
ముగ్గురు పిల్లల్ని కని మరీ తెలుసుకోవాలా?

లెక్కలపిచ్చి
నిశాచరి గారికి పూర్తి మార్కులు. పుట్టగొడుగు గారికి ప్రవర్తన మార్కులు కట్.

ఇదే చోట ఇంకో పొరపాటు కూడా రాలుతుంది. "వాహకులైన దంపతులకి నలుగురు పిల్లలు, కాబట్టి ఒకరికి జబ్బు వచ్చి తీరుతుంది." రాదు. నలుగురూ ఆరోగ్యంగా ఉండే అవకాశం 81/256, దాదాపు 32%. సరిగ్గా ఒక్కరికే రావడం 27/64, దాదాపు 42%. మొదటి బిడ్డకి జబ్బు వచ్చిందని రెండో బిడ్డకి అవకాశం తగ్గదు, అదే 1/4.

విత్తనం
ఇద్దరికీ రక్తవర్గం 'ఓ' ఉంటే 'ఏ' వర్గం బిడ్డ పుట్టే అవకాశమే లేదని ఖాయంగా రాయొచ్చా?

క్రోమో46
పాఠ్యాంశం పరిధిలో రాయొచ్చు. అసలు జీవితంలో ఒక మెలిక ఉంది. 1952లో బొంబాయిలో గుర్తించిన దృశ్యరూపంలో ఏ, బీ ప్రతిజనకాలకి (రక్తవర్గాన్ని తేల్చే, కణాల మీది గుర్తులకి) పునాది అయిన హెచ్ ప్రతిజనకమే తయారవదు. ఆ వ్యక్తిలో 'ఏ' వర్గం అల్లీల్ ఉన్నా పరీక్షలో 'ఓ' వర్గంలాగే కనిపిస్తాడు, ఆ అల్లీల్ పిల్లలకి మాత్రం వెళ్తుంది. ఒక జన్యువు ఇంకో జన్యువు పనిని కప్పేస్తే ఇలా ఉంటుంది. ద్విసంకర సంకరణంలో 9:3:3:1కి బదులు 9:3:4, 9:7 లాంటివి వచ్చినా కథ ఇదే. అన్నీ 16లోనే పంచుకుంటున్నాయి చూడండి, పృథక్కరణ (సంయోగబీజాల్లోకి అల్లీల్స్ విడిపోవడం) ఎక్కడా చెడలేదు.

ఈగలగది
16లో ఇమడనిది 2:1. పసుపు ఎలుకని పసుపు ఎలుకతో క్రాస్ చేస్తే పసుపు 2, మామూలు రంగు 1 వస్తాయి. సమయుగ్మజ పసుపు పిండాలు పుట్టకముందే చచ్చిపోతాయి, కాబట్టి నాలుగో భాగం లెక్కలోకి రాదు. ఈతకి పిల్లల సంఖ్య కూడా ఆ మేరకి తగ్గుతుంది. రేషియోతో పాటు మొత్తం కూడా చూడమనండి.

తీగబఠాణీ
సరే, మూడోది. గబ్బిలం, పావురం, తిమింగలం, సొరచేప, మొసలి, కప్ప. ఈ ఆరింటికి ద్విశాఖా గుర్తింపు కీ (ప్రతి మెట్టులో రెండే దారులతో జీవి పేరు తేల్చే పట్టిక) తయారుచెయ్యాలి. ఒకమ్మాయి మొదటి మెట్టు "ఎగురుతుంది / ఎగరదు" అని పెట్టింది, కీ చివరిదాకా పనిచేస్తోంది. దిద్దినాయన "గబ్బిలం, పావురం ఒకే గుంపులో పడ్డాయి, తప్పు" అని కొట్టేశాడు. నాకు మనసొప్పడం లేదు.

పుట్టగొడుగు
దిద్దింది కరెక్టే. ఎగరడం క్రియాసామ్యం, అంటే పని ఒకటే, పుట్టుక వేరు. గబ్బిలం క్షీరదం, పావురం పక్షి. వర్గీకరణ పాఠం మొదటి రోజు చెప్పేది అదే కదా.

కొమ్మరెమ్మ
కాదు, అన్యాయంగా కొట్టేశారు. గుర్తింపు కీ వేరు, వర్గీకరణ వేరు. కీ పని చేతిలో ఉన్న నమూనా పేరు చెప్పడం, అంతవరకే. పువ్వు రంగుతో విడదీసినా, కాళ్ళ సంఖ్యతో విడదీసినా చివరికి సరైన పేరు దగ్గరికి చేరిస్తే చాలు. బంధుత్వం చెప్పమని ప్రశ్నలో అడగలేదు.

ఆ మెట్టుకి మార్కు కొయ్యాలంటే అసలు కారణం వేరే ఉంది. చచ్చిన నమూనా బల్ల మీద ఉంటే అది ఎగురుతుందో లేదో ఎలా తెలుస్తుంది? కీలో ప్రవర్తన పెట్టకూడదు, చూసి చెప్పగలిగేదే పెట్టాలి. "పెద్దది / చిన్నది" కూడా పనికిరాదు, దేనికన్నా పెద్దది? ఆడదానిలోనో మగదానిలోనో మాత్రమే ఉండేది, పిల్లదశలో మారిపోయేదీ పనికిరావు. "పాలిచ్చే గ్రంథులు" అని పెడితే మగ గబ్బిలం దగ్గర కీ ఆగిపోతుంది.

ఈ ఆరింటికి ఇలా పెట్టొచ్చు:
1. ఈకలు ఉన్నాయి: పావురం. లేవు: 2కి వెళ్ళు.
2. తలకి ఇరుపక్కలా మొప్ప చీలికలు బయటికి కనిపిస్తాయి: సొరచేప. కనిపించవు: 3కి.
3. ఒంటి మీద గట్టి పొలుసులు, పలకలు ఉన్నాయి: మొసలి. లేవు: 4కి.
4. వెనక కాళ్ళు బయటికి లేవు, తోక రెక్క అడ్డంగా పరుచుకుని ఉంది: తిమింగలం. వెనక కాళ్ళు ఉన్నాయి: 5కి.
5. ఒంటి మీద రోమాలున్నాయి, ముందరి కాలివేళ్ళ మధ్య రెక్కపొర ఉంది: గబ్బిలం. రోమాలు లేవు, చర్మం తడిగా ఉంటుంది: కప్ప.

ఆరింటికి అయిదు మెట్లు. ఎన్ని జీవులుంటే దానికి ఒకటి తక్కువ మెట్లు రావాలి. ఎక్కువొస్తే ఏదో జీవి రెండు చోట్ల తేలినట్టు, తక్కువైతే ఎక్కడో రెండు జీవులు విడిపోలేదన్నమాట. దిద్దేవాళ్ళకి మొదటి వడపోత ఇదే. కప్ప ప్రౌఢదశ అని పైన రాయించండి, తోకకప్ప వస్తే కీ తికమకపడుతుంది.

పుట్టగొడుగు
అయినా క్రియాసామ్యంతో మొదలుపెడితే పిల్లల బుర్రలో అదే ముద్రపడిపోతుంది. నా ఓటు మార్పు లేదు.

కొమ్మరెమ్మ
అయితే రెండో ప్రశ్నగా విడిగా అడగండి: ఇవే ఆరింటిలో ఎవరికి ఎవరు దగ్గర? జవాబు చూస్తే కీకి ఎంత దూరమో తెలుస్తుంది. ముందు సొరచేప విడిపోతుంది. తర్వాత కప్ప. మిగిలిన నాలుగూ ఉల్బం (పిండం చుట్టూ ఉండే పొర) ఉన్నవి. వాటిలో గబ్బిలం, తిమింగలం ఒక జత. మొసలి, పావురం ఇంకో జత. అవును, ఈనాడు బతికున్న జీవుల్లో మొసలికి దగ్గరి చుట్టాలు పక్షులే, బల్లులు కావు.

ఇక్కడే రెండు గోతులున్నాయి. ఒకటి, "లేకపోవడం"తో గుంపు కట్టడం. కప్పకీ మొసలికీ రోమాలు లేవు, ఈకలు లేవు, కాబట్టి ఒక గుంపు అంటారు. పూర్వీకుల్లో ఎప్పుడూ లేనిది లేకపోవడం బంధుత్వానికి రుజువు కాదు. ఆ గుంపు పూర్వీకుడిలో కొత్తగా పుట్టి, వారసులకి అందిన లక్షణమే లెక్క. రెండోది, ఒక్క లక్షణం మీద వాలిపోవడం. నాలుగు గదుల గుండె పట్టుకుని పక్షుల్నీ క్షీరదాల్నీ ఒక గుంపు చేస్తారు. మొసలికీ నాలుగు గదులే. క్షీరదాల్లో అది విడిగా వచ్చింది. చాలా లక్షణాలు, డీఎన్ఏ వరుసలు కలిపి చూస్తే కానీ ఇది తేలదు.

విత్తనం
క్రోమోజోముల సంఖ్యతో తేల్చలేమా? దగ్గరి జాతులకి దగ్గరి సంఖ్య ఉండాలి కదా.

క్రోమో46
నా పేరు చూసి అడిగినట్టున్నారు. మనిషికి 46, చింపాంజీకి 48, బంగాళాదుంపకి 48. సంఖ్యనే పట్టుకుంటే చింపాంజీ దుంపలతో చేరిపోతుంది. మంట్‌జాక్ అనే చిన్న జింకల్లో ఒక జాతికి ఆడదానిలో 6, మగదానిలో 7 క్రోమోజోములే. అదే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) మరో జాతికి 46. సంఖ్య కాదు, వాటి మీద జన్యువులు ఎలా అమరి ఉన్నాయో చూడాలి. మన రెండో క్రోమోజోము, చింపాంజీలోలాంటి రెండు చిన్న క్రోమోజోములు కొసకి కొస అతుక్కుని ఏర్పడింది. దాని నడుమ కొసల్లో ఉండాల్సిన డీఎన్ఏ వరుసల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి.

సంఖ్య అడ్డం పడేది సంకరం దగ్గర. గుర్రం 64, గాడిద 62, కంచరగాడిద 63. క్షయకరణ విభజనలో జతలు సరిగ్గా కుదరక సంయోగబీజాలు ఏర్పడవు, దాదాపు ఎప్పుడూ వంధ్యమే. అందుకే గుర్రం, గాడిద వేరు జాతులు. కుక్కల్లో ఎన్ని రకాలున్నా అన్నిటికీ 78, సంతతి ఫలవంతం, జాతి ఒకటే.

కొమ్మరెమ్మ
ఆ నిర్వచనం లైంగిక ప్రత్యుత్పత్తి ఉన్నవాటికే. బాక్టీరియా దగ్గర, శిలాజాల దగ్గర చెల్లదు. అక్కడ జన్యువరుసలు, నిర్మాణం చూసి నిర్ణయించాల్సిందే. జాతికి నిర్వచనం రాయమంటే ఈ పరిమితి కూడా రాసినవాళ్ళకి పూర్తి మార్కులు.

తీగబఠాణీ
చాలా తేలింది. మొదటిదానికి "పొట్టి మొక్క కనబడింది కాబట్టి" అని కారణం రాస్తేనే పూర్తి మార్కులు, కీలో ఎగిరే మెట్టుకి సగం మార్కు మాత్రమే కోత. చివరిగా ఒకటి. ఒకబ్బాయి నాగుపాము శాస్త్రీయనామం నాజా నాజా అని రాశాడు. రెండుసార్లు ఒకే పేరు రాశాడని కొట్టేశారు. ఇంకొకడు వేప, చింత రెండింటికీ ఇండికా ఉంది కాబట్టి దగ్గరి చుట్టాలని రాశాడు.

కొమ్మరెమ్మ
మొదటివాడికి మార్కు వెయ్యండి. జంతునామకరణంలో ప్రజాతి, జాతి పేర్లు ఒకటే ఉండొచ్చు, రాటస్ రాటస్ కూడా అలాంటిదే. వృక్షనామకరణంలోనే అది నిషిద్ధం. రెండోవాడికి వెయ్యొద్దు. బంధుత్వం చెప్పేది ముందున్న ప్రజాతి పేరు, రెండో పేరుని వేరే ప్రజాతిలో ఎవరైనా వాడుకోవచ్చు. వేప అజాడిరక్టా, చింత టామరిండస్, కుటుంబాలు కూడా వేరు. పులి, సింహం, చిరుత మూడూ పాంథెరా, అలాంటివి ఉదాహరణగా రాయించండి. చేత్తో రాసేటప్పుడు రెండు పేర్ల కిందా విడివిడిగా గీత గియ్యాలి, ఒకే పొడుగు గీత గీస్తే అర మార్కు పోతుంది.